ఫిట్స్ మాత్ర, పెరిగే బరువు, శివరాత్రి జాగరణ

పద్మ: అందరికీ నమస్కారం. పోయిన వారం చెప్పినట్టే ఈ వారం ఫిట్స్ మాత్రలు, బరువు. కిరణ్, ముందు ఆ ఫ్యాన్ ఆపు.

కిరణ్: ఆపేశానక్కా. ఫ్యాన్ సంగతి వినేవాళ్ళందరికీ తెలుసు, వదిలెయ్.

పద్మ: కరీంనగర్ నుంచి ఒకావిడ రాసింది. కూతురు ఇంటర్ చదువుతోంది. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మాత్ర మొదలుపెట్టాక ఆకలి ఆగట్లేదట, బరువు బాగా పెరిగింది. ఇప్పుడు ఆ పిల్ల పొద్దున టిఫిన్ మానేసింది. మధ్యమధ్యలో మాత్ర కూడా మానేస్తోందేమోనని తల్లి భయం.

కిరణ్: ఆ పిల్ల బాధ నాకు తెలుసు. నేనూ ఆ మాత్ర మీద ఉన్నవాణ్ణే కదా. ఏ పెళ్ళికి వెళ్ళినా "ఏరా, బాగా ఒళ్ళు చేశావే" అనే పలకరింపే. నోరు కట్టుకోలేడు అనుకుంటారు. నిండా అన్నం తిని లేచిన కాసేపటికే కడుపు మళ్ళీ అడుగుతుంది. అది మందు చేసే పని.

పద్మ: అందరికీ అలా కాదు గానీ చాలామందికి అవుతుంది. ఆ మందు ఆకలి పెంచుతుంది, ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది. కొందరికి మగతగా ఉండి నడక, కదలిక తగ్గిపోతాయి. మొదటి కొన్ని నెలల్లోనే తేడా తెలుస్తుంది. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, మాత్ర మొదలుపెట్టే రోజే బరువు చూసి డాక్టర్ చీటీ మీద రాయించండి అని.

కిరణ్: వచ్చేసింది చీటీ.

పద్మ: వస్తుంది. మన మందుల షాపులో రోజూ చూస్తున్నాను రా. బీపీ రాసి ఉంటుంది, బరువు దగ్గర ఖాళీ. ఆర్నెల్ల తర్వాత "లావయ్యాను డాక్టర్" అంటే ఎంత నుంచి ఎంతకి అన్న లెక్క ఎక్కడుంది? లెక్క చూపిస్తే ఎవరైనా పట్టించుకుంటారు.

కిరణ్: సరే. కానీ ఆ పిల్ల టిఫిన్ మానేయడం మరీ అంత తప్పా? నేను కూడా ఇప్పుడు రాత్రి ఎనిమిదికి తిని మళ్ళీ మధ్యాహ్నమే తింటున్నాను. పదహారు గంటల గ్యాప్. ఏమీ కాలేదు.

పద్మ: ఎప్పటినుంచి ఇది? అమ్మకి తెలుసా?

కిరణ్: అమ్మే కదా కార్తీక సోమవారాలు ఉండమంటుంది!

పద్మ: అమ్మ సాయంత్రం దీపం పెట్టి తింటుంది. ఆవిడకి ఫిట్స్ లేవు. పొద్దున మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?

కిరణ్: టైముకే. నీళ్ళతో.

పద్మ: అదొక్కటి నయం. ఉపవాసం ఉన్నాం కదా అని మాత్ర కూడా మానేసేవాళ్ళు షాపుకి వస్తారు. దేవుడు నీళ్ళతో వేసుకునే మాత్రకి అడ్డు చెప్పడు. రంజాన్‌లో కూడా అంతే, నెల ముందే డాక్టర్‌ని అడిగితే సహరీకి, ఇఫ్తార్‌కి కుదిరేలా మందు సర్దగలరేమో చూస్తారు. వద్దంటే మానుకోవాలి. జబ్బు ఉన్నవాళ్ళకి ఆ వెసులుబాటు ఉంది.

కిరణ్: అసలు ఉపవాసానికీ ఫిట్స్‌కీ ఉన్న సంబంధం నువ్వనుకునేదానికి తలకిందులు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతున్నాయని వందేళ్ళ కిందటే డాక్టర్లు గమనించారు. 1921లో అమెరికాలో, మేయో క్లినిక్‌లో వైల్డర్ అనే డాక్టర్ దాన్ని బట్టే కొవ్వు ఎక్కువ, అన్నం లాంటివి బాగా తక్కువ ఉండే కీటో డైట్ పెట్టాడు.

పద్మ: నిజమే, కాదనను. ఆ డైట్ ఎవరికి? మందులకి లొంగని ఫిట్స్ ఉన్నవాళ్ళకి, ఎక్కువగా పిల్లలకి. నూనె, వెన్న, పప్పు గ్రాముల్లో తూచి పెడతారు. రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు. నీకు నచ్చిన రోజు టిఫిన్ మానేయడం ఆ వైద్యం ఎలా అవుతుంది? పైగా టోపిరామేట్ అనే ఇంకో ఫిట్స్ మందు వేసుకునేవాళ్ళు చెప్పకుండా కీటో మొదలుపెడితే కిడ్నీలో రాళ్ళ ప్రమాదం రెండు వైపుల నుంచీ వస్తుంది.

కిరణ్: నేను టోపిరామేట్ వేసుకోవట్లేదు కదా.

పద్మ: వినేవాళ్ళలో వేసుకునేవాళ్ళు ఉంటారు. నీ సంగతికే వద్దాం. నీది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే టీనేజీలో మొదలై చేతులు ఎగిరిపడే రకం ఫిట్స్. తిండి ఆలస్యమైతే కొందరికే ఫిట్స్ వస్తాయి. నిద్ర చెడితే మాత్రం మీలాంటి వాళ్ళకి పెద్ద ప్రమాదం. ఇంటర్‌లో నీకు ఎలా బయటపడింది? రాత్రంతా చదివి, పొద్దున బ్రష్ చేస్తుంటే చెయ్యి ఎగిరిపడేది. కాఫీ గ్లాసు జారిపోయేది. నిద్ర చాలలేదులే అనుకున్నారు అందరూ.

కిరణ్: ఇప్పుడు నిద్ర మాట ఎందుకు?

పద్మ: ఎందుకంటే నువ్వు శివరాత్రికి కోటప్పకొండ వెళ్తానన్నావు. పగలంతా ఉపవాసం, రాత్రంతా జాగరణ. రెండూ కలిపి.

కిరణ్: ప్రభలు చూడాలక్కా. కరెంటు దీపాలతో అంతెత్తు ప్రభ కదిలి వస్తుంటే చూడకుండా ఎలా? మన ఊరి వాళ్ళంతా వెళ్తారు. ప్రతి ఏడూ నేనొక్కణ్ణే ఇంట్లో.

పద్మ: ప్రభలు చూడొద్దనలేదు. చూసి వచ్చి పడుకో.

కిరణ్: లింగోద్భవం అర్ధరాత్రి. అది చూడకుండా పడుకుంటే అది శివరాత్రేనా?

పద్మ: మధ్యాహ్నం పడుకుని లేచి వెళ్తానంటావు. మధ్యాహ్నం నిద్ర ఆ రాత్రి నిద్రకి సాటి రాదు. తెల్లవారాక ఓ గంట కునుకు తీసి లేస్తావు, నీకు ఫిట్ వచ్చేది సరిగ్గా ఆ లేచిన సమయంలోనే. కొండ మెట్ల మీద, ఆ జనంలో పడితే?

కిరణ్: (కాసేపు ఆగి) నాకు తెలియకనా? నీకు తెలియందల్లా... జాగ్రత్త అన్న మాట రోజుకి ఎన్నిసార్లు వింటానో. బండి నడపొద్దు, ఒంటరిగా ఈతకి వెళ్ళొద్దు, రాత్రి మేలుకోవద్దు. బరువు ఒక్కటైనా నా చేతిలో ఉందనిపించింది. అందుకే ఆ పదహారు గంటలు.

పద్మ: ...అలా ముందే చెప్తే వేరేలా మాట్లాడేదాన్ని.

కిరణ్: పెళ్ళిచూపుల్లో ఫిట్స్ సంగతి చెప్పగానే వాళ్ళు లేచిపోయారు, గుర్తుందా? హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డుగా ఉన్న మూర్ఛ మాట 1999లోనే తీసేశారు. చట్టం మారింది, మన హాలు మారలేదు. దానికి తోడు లావు అంటారు.

పద్మ: ఉండు. డాక్టర్‌కి ఎప్పుడైనా చెప్పావా, ఈ బరువు వల్ల మాత్ర మీదే విసుగొస్తోందని?

కిరణ్: బరువు గురించి అడిగితే చిన్న విషయం అనుకుంటారేమోనని అడగలేదు.

పద్మ: చిన్న విషయం కాదు. బరువు కోసం మాత్ర మానేసేవాళ్ళు ఉన్నారు. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు, ఐదు నిమిషాలు దాటితే అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన ఎమర్జెన్సీ. కాబట్టి "బరువు నాకు ఇబ్బందిగా ఉంది, వేరే మందు కుదురుతుందా" అని నేరుగా అడగాలి. లామోట్రిజిన్, లెవెటిరాసిటామ్ బరువుని మామూలుగా పెద్దగా కదిలించవు. కానీ లెవెటిరాసిటామ్‌తో కొందరికి చిరాకు, కోపం వస్తాయి. లామోట్రిజిన్ మెల్లమెల్లగా పెంచాలి, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే ఇంకా మెల్లగా, లేకపోతే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. ఏ మందు ఏ రకం ఫిట్స్‌కి పనికొస్తుందో కూడా చూడాలి. మార్చడం వారాల పని, ఇంట్లో చేసే పని కాదు.

కిరణ్: కరీంనగర్ పిల్ల?

పద్మ: ఆ పిల్ల విషయంలో బరువు ఒక్కటే కాదు. వాల్‌ప్రోయేట్‌తో ఆడపిల్లలకి నెలసరి తప్పడం, పీసీఓఎస్ అనే హార్మోన్ల, అండాశయాల సమస్య రావచ్చు. ముందు ముందు గర్భం వచ్చినప్పుడు ఆ మందు మీద ఉంటే పదిమంది బిడ్డల్లో దాదాపు ఒకరికి పుట్టుకతో లోపం ఉండే ప్రమాదం. అందుకే వేరే దారి ఉంటే ఆడపిల్లలకి అది ఇవ్వకూడదంటారు. అమ్మా, ఈ నెలలోనే న్యూరాలజిస్ట్‌ని అడగండి. అప్పటిదాకా ఒక్క పూట కూడా మాత్ర ఆపొద్దు. వెళ్ళేటప్పుడు బరువు చూసుకుని...

కిరణ్: చీటీ మీద రాయించండి.

పద్మ: రాయించండి.

కిరణ్: బరువు తగ్గించే మాత్రలు కూడా ఉన్నాయి కదా, టోపిరామేట్, జోనిసమైడ్. వాటి గురించి అడిగితే?

పద్మ: ఆకలి చచ్చిపోతుంది, బరువు తగ్గుతుంది, నిజమే. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది, సోడా కూడా రుచించదు. చెమట తగ్గుతుంది, ముఖ్యంగా పిల్లలకి. మన ఎండల్లో, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో చెమట పట్టకపోతే ఏమవుతుందో ఆలోచించు. నీళ్ళు బాగా తాగాలి. సన్నగా ఉండే పిల్లలకి ఇది ఇస్తే బరువు తగ్గడమే సమస్య అవుతుంది, వాళ్ళ బరువు కూడా...

కిరణ్: చీటీ మీద. మరి తిండి? నిన్నటి నుంచి అడుగుతున్నారు అందరూ.

పద్మ: మూడు పూటలా టైముకి తినాలి. ఆకలి ఎక్కువ కాబట్టి ముందు పప్పు, గుడ్డు, కూర, మజ్జిగ, తర్వాత అన్నం. పంచదార టీలు తగ్గించాలి. రోజూ నడవాలి. వ్యాయామం చాలామందికి మంచిదే, ఈతకి మాత్రం తోడు కావాలి. ఆ జిమ్‌లో అమ్మే కొవ్వు కరిగించే పొడులు డాక్టర్‌ని అడగకుండా ముట్టొద్దు. ఇక శివరాత్రికి...

కిరణ్: పదికల్లా వచ్చేస్తాను. ప్రభలు చూసి.

పద్మ: తిని వెళ్తావా?

కిరణ్: పళ్ళు, పాలు.

పద్మ: సగ్గుబియ్యం కిచిడీ అయినా... ఎవరో షట్టర్ కొడుతున్నారు రా.

కిరణ్: ఆపనా మరి?

పద్మ: ఆపు, ఇన్సులిన్ కోసం వస్తామన్నారు పొద్దున.