ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ 2.0 రివ్యూ: అసలు సరుకంతా 1.4లో ఉంది

నమస్కారమండీ. మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ వీడియో కోసం ఒక క్లౌడ్ కంపెనీ వాళ్లు మూడు నెలలకి సర్వర్ ఫ్రీగా ఇచ్చారు. పేరు స్క్రీన్ మీద పడుతోంది, లింక్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. "మా సర్వర్ మీద మీ పాత ప్రాజెక్టు ఏదైనా ఎక్కించి చూపించండి" అన్నారు, అంతే. సర్వర్ బాగానే నడిచింది, దాని గురించి ఇక చెప్పడానికేం లేదు. ఇవాళ్టి రివ్యూ ఆ పాత ప్రాజెక్టు వాడే లైబ్రరీది, అంటే పైథాన్ కోడ్‌నీ డేటాబేస్‌నీ కలిపే ఎస్‌క్యూఎల్ ఆల్కెమీది.

ఫీచర్ల లిస్టు నేను చదవను. 2.0లో ఏమేం వచ్చాయో మీరు ఈపాటికి చాలాచోట్ల చూసే ఉంటారు. నాకు కావాల్సిన సంగతి వేరే. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ 2006 నుంచి ఉంది. మైక్ బేయర్ మొదలుపెట్టిన లైబ్రరీ. పైథాన్‌లో డేటాబేస్ పని చేసేవాళ్లలో దీన్ని ముట్టుకోనివాళ్లు తక్కువ. అలాంటిది 2023 జనవరి 26న, దాదాపు పదిహేడేళ్ల వయసులో, మనం కోడ్‌లో రాసే పద్ధతినే మార్చేసింది. పాత కోడ్‌ని నడిరోడ్డు మీద వదిలేసిందా, చెయ్యి పట్టుకుని దాటించిందా? నేను చూసింది అది.

మా మావయ్యకి తెనాలి దగ్గర ఎరువుల కొట్టు ఉంది. సీజన్లో రైతులు యూరియా, డీఏపీ బస్తాలు అప్పు మీద తీసుకెళ్తారు, పంట చేతికొచ్చాక కడతారు. ఆ ఖాతాల కోసం 2018లో ఒక చిన్న యాప్ రాసిచ్చాను. వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, మధ్యలో ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ 1.2. తర్వాత 1.3కి వచ్చి అక్కడే ఆగిపోయింది. నడుస్తోంది కదా అని నేనూ కదపలేదు. ఈ సర్వర్ దొరికాక, సరే, నేరుగా 2.0కే వెళ్దామనుకున్నా.

నేరుగా వెళ్లడమే నేను చేసిన తప్పు.

ఏం జరిగిందో చెప్తాను. అప్‌గ్రేడ్ కొట్టగానే ఎర్రర్లు వరస పెట్టి వచ్చాయి. సెలెక్ట్ లోపల కాలమ్స్‌ని లిస్టులా, చదరపు బ్రాకెట్లలో పెట్టేవాళ్లం గుర్తుందా? అది పోయింది, ఇప్పుడు కామాలు పెట్టి విడివిడిగా ఇవ్వాలి. ఇంజిన్ డాట్ ఎగ్జిక్యూట్ అసలు లేనే లేదు. ఉత్తి స్ట్రింగ్‌లో ఎస్‌క్యూఎల్ రాసి ఇస్తే తీసుకోదు, దాన్ని టెక్స్ట్ అనే ఫంక్షన్‌లో చుట్టాలి. ఒక్కొక్క ఎర్రర్ చూసుకుంటూ దిద్దుకుంటూ సాయంత్రానికల్లా అన్నీ అయిపోయాయి. ఎర్రర్ లేదు, స్క్రీన్లన్నీ తెరుచుకుంటున్నాయి. మావయ్యకి లింక్ పంపి, రెండు రోజులు చిట్టా పుస్తకంలో కూడా పక్కనే రాసుకోమన్నాను.

రెండో రోజు ఫోన్. "ఒరేయ్ అబ్బాయ్, ఈయన నిన్న 5,000 జమ కట్టి వెళ్లాడురా. రసీదు కూడా ఇచ్చాను. ఖాతాలో బాకీ తగ్గలేదేంటి?"

రసీదు వచ్చింది, రసీదు మీద నంబరూ ఉంది. జమ టేబుల్లో చూస్తే ఆ రోజుది ఒక్క వరస లేదు. కానీ అమ్మకాలన్నీ ఎక్కాయి! అంటే రెండు రోజులుగా అందరి బాకీలూ పెరుగుతున్నాయి తప్ప తగ్గట్లేదు. అప్పు ఇచ్చి నడిపే కొట్టులో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇదిగో, స్క్రీన్ మీద ఆ నాలుగు లైన్లు పెద్దవి చేసి చూపిస్తున్నా. విత్ ఇంజిన్ డాట్ కనెక్ట్, లోపల కాన్ డాట్ ఎగ్జిక్యూట్, జమ డాట్ ఇన్సర్ట్. ఆ తర్వాత వచ్చిన నంబరు తీసుకుని రసీదు ప్రింట్. కమిట్, అంటే మార్పుని డేటాబేస్‌లో ఖాయం చేసే మాట, ఎక్కడా లేదు, చూశారా? 1.3లో అది అక్కర్లేదు. ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ లాంటిది కనిపిస్తే లైబ్రరీ తనే కమిట్ చేసేసేది. దాన్నే ఇంప్లిసిట్ ఆటోకమిట్ అంటారు. 2.0లో అది తీసేశారు. మనం కమిట్ అనకపోతే ఆ బ్లాక్ దాటగానే కనెక్షన్ మూసుకుంటుంది, ఇన్సర్ట్ రోల్‌బ్యాక్ అయిపోతుంది, అంటే రద్దయిపోతుంది. ఎర్రర్ రాదు. పైగా పోస్ట్‌గ్రెస్‌లో సీక్వెన్స్ నంబరు, అంటే ఒక్కో వరసకి అదే వేసే నంబరు, రోల్‌బ్యాక్ అవదు కాబట్టి రసీదు నంబర్లు మాత్రం వరసగా పెరుగుతూనే ఉంటాయి. చూసేవాడికి అనుమానం రావడానికి సందే లేదు. అమ్మకాల కోడ్ సెషన్ (ఆల్కెమీలో డేటాబేస్‌తో మాట్లాడే ఇంకో దారి) వాడి, చివర కమిట్ రాసిన కోడ్. అందుకే అది బతికింది.

ఇంటర్‌ఫేస్ మార్చేటప్పుడు ఎర్రర్ ఇచ్చే మార్పుకి నేను భయపడను. అది మన దగ్గరకొచ్చి నిలబడి చెప్తుంది. రాత అదే ఉండి అర్థం మారిపోయేదే అసలు ముప్పు.

మరి దీనికి లైబ్రరీని తప్పు పట్టాలా? ఇక్కడే నా అభిప్రాయం మారింది. వాళ్లు దీనికోసం మొత్తం ఒక వెర్షన్నే కట్టారు. 2021 మార్చిలో వచ్చిన 1.4 అదే. 2.0కి దాదాపు రెండేళ్ల ముందు. పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తాయి అందులో. సెలెక్ట్‌కి లిస్టు ఇచ్చినా తీసుకుంటుంది, విడివిడిగా ఇచ్చినా తీసుకుంటుంది. నేను ఆ స్టేషన్లో దిగకుండా వెళ్లిపోయాను.

బ్యాకప్ తీసి, మళ్లీ 1.3 దగ్గర్నుంచి మొదలుపెట్టా. ఈసారి 1.4 ఎక్కించి, ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్‌కి బయటి నుంచి వేసే స్విచ్, పెట్టాను: ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అండర్‌స్కోర్ వార్న్ అండర్‌స్కోర్ 20 ఈక్వల్ టు 1. పైథాన్‌కి డాష్ క్యాపిటల్ డబ్ల్యూతో డెప్రికేషన్ వార్నింగ్స్ (తీసేయబోయే పద్ధతుల మీద హెచ్చరికలు) ఎప్పుడూ చూపించమని కూడా చెప్పాలి, లేకపోతే కొన్నిటిని అదే మింగేస్తుంది. ఇప్పుడు రన్ చేస్తే... ఇదిగో. 43 వార్నింగ్‌లు. కిందకి వెళ్దాం... ఇది చూడండి. ఏ ఫైలు, ఏ లైను. "ఈ స్టేట్‌మెంట్ ఇంప్లిసిట్ ఆటోకమిట్‌తో కమిట్ అవుతోంది, 2.0లో ఇది ఉండదు" అని ఆ జమ లైన్‌నే వేలు పెట్టి చూపిస్తోంది! ఇది చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. రెండు రోజుల జమలు మింగిన లైను, ముందురోజే నాకు తెలిసి ఉండేది.

దిద్దడానికి ఎంత పట్టింది? ఒక్క మాట. ఇంజిన్ డాట్ కనెక్ట్ బదులు ఇంజిన్ డాట్ బిగిన్. బ్లాక్ సవ్యంగా పూర్తయితే కమిట్, మధ్యలో తేడా వస్తే రోల్‌బ్యాక్. ఇంకా నచ్చిన విషయం ఏంటంటే బిగిన్ పాత వెర్షన్లలో కూడా ఉంది. అంటే ఆ దిద్దుబాటు 1.3లోనూ నడుస్తుంది, 2.0లోనూ నడుస్తుంది. మొత్తం ఒకేసారి మార్చి ఊపిరి బిగబట్టుకుని కూర్చోనక్కర్లేదు. రోజుకి నాలుగు వార్నింగ్‌లు దిద్దుకో, లైవ్‌లో పెట్టుకో, మర్నాడు ఇంకో నాలుగు. వార్నింగ్‌లన్నీ పోయాక ఫ్యూచర్ ఈక్వల్ టు ట్రూ అని ఇంజిన్‌కీ సెషన్‌కీ పెడితే 1.4లో ఉంటూనే 2.0 నడవడి వచ్చేస్తుంది. చివర్న వెర్షన్ నంబరు మార్చడం ఒక్కటే మిగులుతుంది.

ఒక జాగ్రత్త. ఆ లైను నడిస్తేనే వార్నింగ్ వస్తుంది. మా యాప్‌లో ఏడాది చివర వడ్డీ లెక్క కట్టే ఫంక్షన్ ఉంది, దానికి టెస్టు లేదు. చేత్తో నడిపితే అందులో ఇంకో మూడు బయటపడ్డాయి. కాబట్టి స్క్రీన్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూడండి.

స్విచ్ ఉందని తెలియనివాళ్ల సంగతి? దానికీ ఆలోచించారు. 2.0 వచ్చిన నెలలోనే, 1.4.46లో, పాత పద్ధతి కనిపిస్తే స్విచ్ లేకపోయినా ఒక్కసారి మాత్రం హెచ్చరిక వచ్చేలా పెట్టారు: వెర్షన్ పిన్ చేసుకోండి (దానంతటది 2.0కి వెళ్లకుండా కట్టేసుకోండి), లేదంటే ఆ స్విచ్ వేసి చూసుకోండి అని.

దీన్ని పైథాన్ 2 నుంచి 3కి మారిన కాలంతో పోల్చకుండా ఉండలేను. పైథాన్ 3.0 2008 డిసెంబరులో వచ్చింది, పైథాన్ 2కి తెర పడింది 2020 జనవరి 1న. నడుమ పదకొండేళ్లు. పైథాన్ 2లో మన తెలుగు పేర్లతో పని చేసినవాళ్లకి ఆ ఎర్రర్ కంఠతా వచ్చి ఉంటుంది: ఇంగ్లీషు అక్షరాలే తెలిసిన ఆస్కీ కోడెక్ బైట్ 0ఎక్స్‌ఈ0ని డీకోడ్ చేయలేకపోయింది. అన్ని భాషల అక్షరాలూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి అక్షరమూ మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఆ ఈ0నే. అందుకని స్ట్రింగుల ముందు చిన్న యు పెట్టి బతికేవాళ్లం. పైథాన్ 3.0 ఆ యు పెడితే సింటాక్స్ ఎర్రర్ అంది. రెండిట్లోనూ నడిచే కోడ్ రాయాలంటే నరకం. చివరికి 2012లో 3.3లో ఆ యు ని మళ్లీ రానిచ్చారు. ఒక్క అక్షరాన్ని ఉండనిచ్చి ఉంటే ఎంతమందికి ఎంత శ్రమ తప్పేదో!

ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ వాళ్లు ఆ అక్షరాన్ని ఉండనిచ్చారు. అదే సెషన్ డాట్ క్వెరీ, పాత పద్ధతిలో డేటా అడిగే రాత. దానికి లెగసీ అని పేరు పెట్టారు కానీ 2.0లోనూ శుభ్రంగా పని చేస్తుంది. ఎలా అంటే, 1.4లోనే లోపలి యంత్రాన్ని ఒక్కటి చేసేశారు. మనం క్వెరీ అని రాసినా అది లోపల కొత్త సెలెక్ట్ దారిలోనే వెళ్తుంది. తయారైన ఎస్‌క్యూఎల్‌ని దాచిపెట్టుకునే క్యాషింగ్ 1.4లో వచ్చింది కదా, ఆ లాభం పాత రాతకి కూడా అందింది. పాతవాళ్లని వెనక గదిలో కూర్చోబెట్టకుండా అదే పంక్తిలో వడ్డించారు.

ఇప్పుడు నాకు చిర్రెత్తించిన విషయం. కొత్త పద్ధతిలో సెషన్ డాట్ ఎగ్జిక్యూట్, సెలెక్ట్ రైతు, డాట్ ఆల్ అని రాస్తే రైతుల లిస్టు రాదు. ఒక్కో రైతూ టపుల్ అనే పొట్లంలో చుట్టుకుని వస్తాడు. విప్పాలంటే స్కేలర్స్ అనాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు నూటికి నూరుమందీ ఇక్కడ తట్టుకుని పడతారు. ఇంకోటి, రైతుతో పాటు అతని జమలన్నీ జాయిన్డ్‌లోడ్‌తో ఒకే క్వెరీలో తెస్తే, "యునీక్ అని పిలవాలి" అని ఎర్రర్. పాత క్వెరీ ఆ డూప్లికేట్లు తనే తీసేసేది. దాచి చేసే పనులు వద్దన్నది వాళ్ల సిద్ధాంతం, ఒప్పుకుంటాను. కానీ రోజుకి ఇరవైసార్లు రాసే లైను పొడుగైంది, నాకది నచ్చలేదు. అందుకే కొన్ని ఫైళ్లలో సెషన్ డాట్ క్వెరీనే ఉంచేశా.

కాలమ్ రకం చెప్పడానికి 2.0లో వచ్చిన కొత్త రాత, మ్యాప్డ్ టైప్ హింట్స్, గురించి ఒక్క ముక్క. కాలమ్ అని పాత రాత రాస్తే ఖాళీ విలువ పట్టేది. దాన్నే మ్యాప్డ్ స్ట్రింగ్ అని మారిస్తే నాట్ నల్ అయిపోతుంది, ఖాళీ కావాలంటే ఆప్షనల్ అని చెప్పాలి. మా యాప్‌లో చాలామంది రైతులకి ఫోన్ నంబరు గడి ఖాళీ. టేబుళ్ల మార్పులు చేసిపెట్టే అలెంబిక్ అనే టూల్ తయారుచేసిన మైగ్రేషన్ ఫైలు చదివాను కాబట్టి పట్టుకున్నాను. చదవకుండా రన్ చేయకండి. ఈ మార్పు తొందరేం లేదు కూడా, కాలమ్ ఇప్పటికీ పని చేస్తుంది.

తీర్పు అడిగితే, 2.0 తీసుకోండి, కానీ 1.4లో దిగి, కనీసం రెండు వారాలు అక్కడే ఉండి తీసుకోండి. ఇంత ఓపికగా దాటించిన లైబ్రరీ నా పదేళ్ల పనిలో ఇంకోటి చూడలేదు. స్కేలర్స్ మీద కోపం ఉన్నా నా ఓటు దీనికే.

మావయ్య ఖాతా ఇప్పుడు 2.0 మీద నడుస్తోంది. పోయిన జమలన్నీ చిట్టా పుస్తకం చూసి ఇద్దరం కూర్చుని మళ్లీ ఎక్కించాం. మీ ప్రాజెక్టులు ఏ వెర్షన్లో ఆగి ఉన్నాయో కింద కామెంట్లో రాయండి. 1.3లో ఉన్నవాళ్లు 1.4కి వచ్చి ఆ స్విచ్ వేశాక ఎన్ని వార్నింగ్‌లు వచ్చాయో కూడా రాయండి, వచ్చే వీడియోలో వాటిలో కొన్ని తీసుకుని మీతోపాటే దిద్దుతాను.