బుల్గారి జాస్మిన్ నువార్: రాత్రి పూట జడలో మల్లెల వాసన

నమస్కారం అండీ. ఈ చేతిలో ఉన్నవి ఇందాక చెన్నైలో మాంబళం స్టేషన్ బయట కొన్న రెండు మూరల మల్లెపూలు. ఈ చేతిలో ఉన్నది బుల్గారి వాళ్ల జాస్మిన్ నువార్ సెంటు. రెండూ పక్కపక్కనే పెట్టుకుని మాట్లాడదామని తెచ్చాను. జాస్మిన్ అనగానే చాలా ఫ్రెంచి సెంట్లలో ఉండేది జాజి. ఇందులో వాళ్లు చెప్పే పువ్వు మాత్రం సంబాక్, అంటే అచ్చంగా మన మల్లె.

బుల్గారి అసలు నగల కంపెనీ. గ్రీసు నుంచి వచ్చిన సోటిరియో బుల్గారి అనే వెండి పనివాడు 1884లో రోమ్‌లో మొదలుపెట్టాడు. ఈ సెంటు 2008లో వచ్చింది. చేసింది కార్లోస్ బెనాయిమ్, సోఫీ లాబే. నువార్ అంటే ఫ్రెంచిలో నలుపు. నల్ల మల్లె అనే పువ్వు లోకంలో లేదు కదా, దాన్ని ఒక నగలాగా ఊహించుకుని చేశారు. సీసా చూడండి, నిగనిగలాడే నలుపు, మెడ దగ్గర బంగారు రంగు. నాకైతే నల్లపూసల గొలుసే గుర్తొచ్చింది.

ఇప్పుడు వాసన. మణికట్టు మీద కొట్టుకున్న మొదటి పది నిమిషాలు పచ్చిగా, అప్పుడే తుంచిన కాడలా ఉంటుంది. అది త్వరగానే పోతుంది. ఆ తర్వాత వచ్చేదాని కోసమే ఈ వీడియో.

మొగ్గలు మధ్యాహ్నం కొంటే పెద్దగా వాసనుండదు. సాయంత్రం విచ్చుకున్నప్పుడు చల్లగా, తేటగా ఒక వాసన. రాత్రి పదింటికి జడలోంచి తీసి తలగడ పక్కన పెడతామే, అప్పుడొచ్చేది వేరు. ఒంటి వేడికి వాడి, రేకుల అంచులు గోధుమరంగుకి తిరిగి, తియ్యగా, కొంచెం మత్తుగా ఉంటుంది. మల్లెలో సహజంగానే ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువైతే కుళ్లు వాసన, కాస్త ఉంటేనే పువ్వుకి ప్రాణం. జాస్మిన్ నువార్ పట్టుకున్నది సరిగ్గా ఆ రాత్రి వాసననే. మొన్న మా అమ్మ పక్కన పడుకుంటూ, "ఇవాళ పూలు పెట్టుకోలేదు కదే, మల్లెల వాసన ఎక్కడిది?" అంది. నాకు అంతకన్నా పెద్ద రివ్యూ అక్కర్లేదు.

మల్లె కింద బాదం, అతిమధురం, వెనిలాలా తియ్యగా వాసనొచ్చే టోంకా గింజ ఉన్నాయి. అతిమధురం అంటే దగ్గుకి బుగ్గన పెట్టుకునే పుల్లే. దానివల్లే తీపి పాయసంలా ముద్దగా కాకుండా, కాస్త వగరుతో ఆగుతుంది.

ఒక్క మాట, ఏసీ మాల్‌లో కాగితం ముక్క మీద చూసి తేల్చేయకండి. నేను మొదటిసారి అలాగే చూసి, మరీ తీపి అనుకుని వదిలేశాను. రెండోసారి చేతి మీద కొట్టుకుని పాండీ బజార్ ఎండలో నలభై నిమిషాలు తిరిగాను. చెమట తగిలాక గానీ మల్లె బయటికి రాలేదు. అక్కడి నుంచే వెనక్కి వెళ్లి కొన్నాను.

అలాగని మే నెల మధ్యాహ్నం, కిక్కిరిసిన లోకల్ ట్రైన్‌లోకి ఇది వద్దు. పక్కవాళ్లకి తలనొప్పి వస్తుంది. సాయంత్రం ఏడు దాటాక రెండు స్ప్రేలు చాలు, మూడోది అనవసరం. తాజా మల్లెల చల్లదనం కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు, వాళ్లు ఈ రెండు మూరలే కొనుక్కోవడం మంచిది.

2017లో దీన్ని స్ప్లెండిడా అనే వరుసలో మళ్లీ తెచ్చారు. నేను చెప్పిందంతా పాత నల్ల సీసా గురించే. కొనేటప్పుడు ఏది చూస్తున్నారో గమనించుకోండి.

నేను దీన్ని పట్టుచీర కట్టుకునే రిసెప్షన్లకి దాచుకున్నాను. జడలో పూలున్నా ఇబ్బంది లేదు, పోయిన నెల రెండూ కలిపి పెట్టుకుని చూశాను. తొమ్మిదింటి దాకా పూలదే పైచేయి. పూలు వాడే వేళకి సెంటు అందుకుంది.