బరంపురం చదువులు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

నమస్కారమండీ. "డిగ్రీ చేసి ఏం లాభం, చివరికి సూరత్ రైలే కదా ఎక్కాలి!" బరంపురంలో మన తెలుగిళ్లలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఒడిశాలోని మన గంజాం జిల్లా కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకు వెళ్లడం ఏళ్ల తరబడి చూస్తున్నాం కాబట్టి ఆ విసుగులో న్యాయముంది. లెక్క మాత్రం సగమే.

మామూలుగా ఏం చెబుతారు? బరంపురం యూనివర్సిటీ 1967లో వచ్చింది, దాని వల్ల జీతాలు, అద్దె గదులు, మెస్సులు, జిరాక్సు షాపులు, ఆటోలు నడుస్తున్నాయని. నిజమే. కానీ ఏ పెద్ద ప్రభుత్వాఫీసు పెట్టినా ఇవన్నీ వస్తాయి కదా! యూనివర్సిటీకే ప్రత్యేకమైనది చదువుకుని బయటికొచ్చే మనిషి.

78 దేశాల్లో సుమారు 15,000 యూనివర్సిటీల వివరాలు తీసుకుని వలేరో, వాన్ రీనెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఒక ప్రాంతంలో జనాభాతో పోల్చి యూనివర్సిటీలు 10 శాతం పెరిగిన చోట, తర్వాతి కాలంలో తలసరి ఆదాయం 0.4 శాతం దాకా ఎక్కువగా కనిపించింది. చిన్న అంకే. అయితే ఆ లాభం పక్క ప్రాంతాలకూ పాకుతుందని కూడా వాళ్లే తేల్చారు. మనకు కావలసింది ఈ రెండో మాట.

ఎందుకంటే మనది ఒడిశా, ఆంధ్రాల సరిహద్దు. 1943లో ఉత్కళ యూనివర్సిటీ పుట్టేదాకా ఇక్కడి ఖల్లికోట కాలేజీ ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేది. వి.వి. గిరి గారు చదివిన కాలేజీ అది. ఇప్పుడు ఇచ్ఛాపురం నుంచి రోగులు వైద్యానికి బరంపురం వస్తారు. డాక్టరును తయారుచేసిన ఖర్చు ఒడిశాది, నయమైన మనిషి ఆంధ్రావాడు. ఇది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు. అలాగే ఇక్కడ ఎమ్మెస్సీ చేసిన పిల్లాడు బెంగళూరులో పన్ను కడతాడు. దేశానికి పోయిందేమీ లేదు, గంజాంకే పోయింది. అందుకే రాష్ట్ర యూనివర్సిటీల ఖర్చులో కేంద్రం ఇంకా పెద్ద వాటా మోయాలని నేనంటాను.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. విశాఖ హాస్టలుకు పంపని తండ్రి కూడా ఊళ్లో కాలేజీ అంటే సరే అంటాడు. దేశంలో 18 నుంచి 23 ఏళ్ల వాళ్లతో పోలిస్తే కాలేజీల్లో ఉన్నది 2021-22లో 28.4 శాతమే. 2035కి 50 చేస్తామంటున్నారు. అమ్మాయిలు ఇంటి దగ్గర చదవగలిగితేనే అది కుదిరేది.

ఇంకొక్కటి. 2016 నుంచి ఇక్కడ ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ ఉంది, అందులో కెమిస్ట్రీ వాళ్లున్నారు. ఊళ్లో బరంపురం పట్టు నేసే తెలుగు కుటుంబాలున్నాయి, నూలుకు రంగులద్దేవాళ్లున్నారు. ఆ కెమిస్ట్రీ వాళ్లూ, ఈ నేత, రంగుల వాళ్లూ కలిసి ఏదైనా పని చేస్తుంటే నాకు చెప్పండి, వచ్చే వీడియో అక్కడే తీస్తాను.