మెర్లిన్ మోత

శ్రోతలందరికీ నమస్కారం.

పాత యుద్ధవిమానాల గురించి మాట్లాడుకోవడానికి రేడియోకి మించింది లేదంటాను. రంగూ రెక్కలూ మ్యూజియంలోనైనా చూడొచ్చు, చప్పుడు మాత్రం ఎగిరినప్పుడే వినాలి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి. దాని మెర్లిన్ ఇంజినుకు 12 సిలిండర్లు, 27 లీటర్ల సామర్థ్యం. స్టార్ట్ చేయగానే ముక్కుకు రెండు పక్కలా ఉన్న పొట్టి గొట్టాల్లోంచి గుప్పున పొగ వస్తుంది. కాసేపు ఖళ్ళుఖళ్ళుమని దగ్గి, ఉన్నట్టుండి అందుకుంటుంది. ఇక పైలట్‌కి తొందరే. నేలమీద ఉన్నంతసేపూ రెక్క కింది రేడియేటర్‌కి గాలి సరిగా అందదు, ఆలస్యమైతే ఇంజిను వేడెక్కిపోతుంది. ఆ పొడవాటి ముక్కు అడ్డం కాబట్టి ఎదుటి దారీ కనబడదు. అందుకే అటూ ఇటూ వంకర్లు తిప్పుకుంటూ రన్‌వే చేరతాడు.

ఇంగ్లండులోని డక్స్‌ఫర్డ్‌లో ఎన్3200 అనే స్పిట్‌ఫైర్ ఉంది. 1940 మే 26న ఫ్రాన్స్ రేవు పట్టణం డన్‌కిర్క్ మీద పోరాడుతూ దెబ్బతిని ఆ తీరంలోనే, సంగాత్ దగ్గర ఇసుకలో దిగింది. నడిపిన స్క్వాడ్రన్ లీడర్ జెఫ్రీ స్టీవెన్‌సన్ జర్మన్లకు చిక్కాడు. విమానం ఇసుకలో కూరుకుపోయింది. 1986లో పైకి తీశారు. ఉప్పు తినేసిన లోహాన్ని కొత్త లోహంతో మార్చుకుంటూ, రివెట్టు రివెట్టూ బిగించుకుంటూ వచ్చారు. 2014 మార్చిలో మళ్ళీ గాల్లోకి లేచింది, అదీ ఒకప్పుడు తన స్థావరమైన డక్స్‌ఫర్డ్ నుంచే! ఇంత కొత్త లోహం చేరాక అది పాత విమానమేనా అని కొందరు వాదిస్తారు. నా మటుకు అది ఆ విమానమే.

ఇలాంటివి ఎగరడం ప్రమాదం కాదా అంటే, ముమ్మాటికీ ప్రమాదమే. 2015లో ఇంగ్లండులోని షోరమ్‌లో పాత హంటర్ జెట్ రోడ్డుమీద కూలి 11 మంది చనిపోయారు. 2022లో అమెరికాలోని డల్లాస్‌లో పాతకాలపు బాంబరు, ఫైటరు ఢీకొని ఆరుగురు పోయారు. 2024 మేలో స్పిట్‌ఫైర్ కూలి బ్రిటిష్ వాయుసేన పైలట్ మరణించాడు. ఎగరాలన్నదే నా కోరిక. కాకపోతే జనానికి దూరంగా, చాలినంత ఎత్తులో, కుప్పిగంతులు లేకుండా ఎగరాలి. నిదానంగా ఒక్క చుట్టు తిరిగినా ఆ మోత వినడానికి చాలు.

ఇందులో మన సొమ్మూ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కు, అంటే విమాన దళానికి, విమానాలు కొనిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే పెట్టారు, చిహ్నంలో నిజాం తలపాగాను చేర్చారు. 1940లో వార్మ్‌వెల్ స్థావరం నుంచి ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాపాడినవాటిలో ఆ 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లూ ఉన్నాయి. నిజాం ఖజానా నింపింది మన రైతులు కట్టిన శిస్తులే కాబట్టి, ఆ కథలో వాళ్ళ పేరూ తలవాలి.

ఎప్పుడైనా స్పిట్‌ఫైర్ ఫొటో చూస్తే విమానం పక్కభాగంలో రాసిన అక్షరాలు గమనించండి. రెండో యుద్ధకాలంలో ఆ 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ గుర్తు 'యూ, ఎమ్'.

సెలవు.