స్టార్ట్ లైను దగ్గర కారును కదలకుండా పట్టి ఉంచడం ఎలా?

నమస్కారం. చెన్నై నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల సుత్తి చప్పుడు వినబడితే పట్టించుకోకండి, పక్క షెడ్డులో డెంటింగ్ పని నడుస్తోంది.

ఈ రోజు విషయం డ్రాగ్ రేసులో, అంటే రెండు కార్లు పక్కపక్కన నిలబడి నేరుగా దూసుకుపోయే పందెంలో, స్టార్ట్ లైను. పరుగు సంగతి తరువాత చూద్దాం. పరుగుకు ముందు ఆ కొన్ని క్షణాలు ఇంజను అరుస్తూ ఉండాలి, కారు మాత్రం అంగుళం కదలకూడదు. దానికి బ్రేకు ఎలా వాడాలి, ఏ బ్రేకు వాడాలి, అంతే.

ముందుగా ఒక మాట. ఇది ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద అర్ధరాత్రి చేసే పని కాదు. శ్రీపెరుంబుదూరు దారిలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, 1990 నుంచి నడుస్తోంది. అంతకు ముందు షోళవరంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద రేసులు జరిగేవి, మన పెద్దవాళ్లలో కొందరు సూళ్లూరుపేట నుంచి వెళ్లి చూసి వచ్చేవారు. ట్రాక్ ఉంది, హెల్మెట్టు పెట్టుకోండి, అక్కడ చేయండి.

సరే, కారులోకి వద్దాం. ఇదిగో, మన కారు. మామూలు హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేరు, ముందు చక్రాలు లాగుతాయి, వెనక డ్రమ్ము బ్రేకులు. ముందు చక్రాలు లాగుతాయి అన్నది గుర్తు పెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

ఎందుకంటే అమెరికా వాళ్ల వీడియోల్లో లైన్ లాక్ అని ఒక పరికరం చూపిస్తారు. చిన్న సొలెనాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు. బ్రేకు తొక్కి, మీట నొక్కి పట్టుకుని, పాదం తీసేస్తే ముందు చక్రాల బ్రేకు పట్టు అలాగే నిలిచిపోతుంది. వెనక చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, టైర్లు వేడెక్కుతాయి. 2015 మస్టాంగ్ జీటీలో కంపెనీయే ఇచ్చింది. బాగానే ఉంటుంది, వెనక చక్రాలు లాగే కారుకు. మన కారులో అదే పెడితే లాగే చక్రాలనే కట్టేసినట్టు!

ఇంకో చిక్కు కూడా ఉంది. కెమెరా ఇటు తిప్పు తమ్ముడూ, ఈ మాస్టర్ సిలిండర్ దగ్గరికి. పెడల్ తొక్కితే బ్రేకు నూనెను గొట్టాల్లోకి నెట్టేది ఇదే. ఈ గొట్టాలు చూడండి. మన కార్లలో చాలావాటికి బ్రేకు లైన్లు ఎదురుబొదురుగా అడ్డంగా పోతాయి. ఒక లైను ముందు ఎడమకూ వెనక కుడికీ, రెండోది ముందు కుడికీ వెనక ఎడమకూ. ఒక లైను తెగినా రెండో లైనుతో కారు ఆగాలని అలా చేశారు. ఇందులో ఒక లైనుకు ఆ వాల్వు బిగిస్తే ముందొకటి, వెనకొకటి పట్టుకుంటాయి. ఆన్‌లైనులో కొని, డబ్బా చేత్తో పట్టుకుని వచ్చి బిగించమని అడిగేవాళ్లు ఉన్నారు. తిప్పి పంపించమని చెబుతాను.

మనకు కావలసింది వెనక చక్రాలను మాత్రమే పట్టే బ్రేకు. అది కారులో ఇప్పటికే ఉంది. ఇదిగో, హ్యాండ్‌బ్రేకు. ఉచితం. చేతి మీట బదులు స్విచ్చు ఉన్న కొత్త కార్లకు ఈ పద్ధతి కుదరదు. ఆటోమేటిక్ గేరు వాళ్లు కొంచెం ఆగండి, చివర్లో మీకూ రెండు మాటలు చెబుతాను.

ముందు దాన్ని సరిచేద్దాం. కారు లేపండి, ముందు చక్రాలకు అడ్డం పెట్టండి, డ్రమ్ములు విప్పండి, షూలు, అంటే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి పట్టే ముక్కలు, చూడండి, దుమ్ము తుడవండి. మొదట షూల దూరం సరిచేయాలి, ఆ తరువాతే కేబుల్ నట్టు. తిరగేసి చేయవద్దు, కేబుల్ బిగించేస్తే షూలు సరిగా ఉన్నట్టు కనబడతాయి గాని ఉండవు. మీట కిందికి దించినప్పుడు చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరగాలి. ఇలా. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరింది కదా అనుకోకండి. ఆ దీపానికి తెలిసేది మీట కిందికి వచ్చిందని మాత్రమే, షూలు వదిలాయో లేదో దానికి తెలియదు. కేబుల్ పాతబడితే కొత్తది వేయండి. పుదుపేట పాత సామాన్ల బజారులో దొరుకుతుంది, కాని కేబుల్ విషయంలో నేను కొత్తదే కొంటాను, సెకండ్ హ్యాండ్ ముట్టుకోను.

ఇప్పుడు పరీక్ష. వెనక టైరు పక్కన సుద్దముక్కతో ఒక గీత, అదే వరుసలో నేల మీద ఒక గీత. మీట లాగి, మొదటి గేరు, ఇంజను నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర, క్లచ్చు నెమ్మదిగా వదలండి. బానెట్ చూడండి, కాస్త పైకి లేస్తోంది, చూశారా? వెనక పట్టుకుని ఉంది, ముందు లాగుతోంది. చాలు, క్లచ్చు తొక్కేయండి. ఇలా పట్టి ఉంచితే క్లచ్చు కాలుతుంది, వాసన వచ్చేదాకా ఆడకండి. రెండు సుద్దగీతలూ ఎదురెదురుగానే ఉన్నాయి. ఉండాలి. పక్కకు జరిగితే మళ్లీ షూల దగ్గరికే.

ఇక అసలైన చోటు. మీట పట్టుకునే తీరు. ఇక్కడ తొందరపడను, ఎందుకంటే తడబాటంతా ఇక్కడే.

ఇంటి దగ్గర కారు నిలిపినట్టు కటకటమని లాగి వదిలేస్తే ఏమవుతుంది? లోపల పళ్ల మీద కొక్కెం పడుతుంది. బాగా బిగిసి ఉన్నప్పుడు బొటనవేలితో బటన్ నొక్కితే లోపలికి పోదు. మీటను కొంచెం పైకి లేపి, అప్పుడు బటన్ నొక్కి, అప్పుడు దించాలి. మూడు పనులు! పచ్చ దీపం వెలిగాక మూడు పనులు చేస్తూ కూర్చుంటే పక్కవాడు వెళ్లిపోతాడు.

అందుకే ముందే బటన్ నొక్కండి. నొక్కి ఉంచి లాగండి. దగ్గరగా చూపించు తమ్ముడూ, బొటనవేలు. శబ్దం వినండి... ఏమీ లేదు కదా? కటకట వినబడకూడదు. కొక్కెం పడలేదు, బ్రేకును పట్టి ఉంచుతున్నది నా చేయి ఒక్కటే. మళ్లీ చూడండి. బటన్ నొక్కాను, లాగాను, పట్టుకున్నాను. వదలడం అంటే చేయి దించడమే. ర్యాలీ కార్లలో ఆ కొక్కెమే ఉండదు, లాగితే పడుతుంది, వదిలితే పోతుంది. మనం బొటనవేలితో అదే పని చేస్తున్నాం. ఇంజను ఆపి, కూర్చున్నచోటే అలవాటు చేసుకోండి. మన కార్లలో గేరుకూ ఈ మీటకూ ఎడమ చేయే, దించిన చేయి అలాగే గేరు మీదకి పోతుంది.

లైను దగ్గర రెండు కాంతి కిరణాలు ఉంటాయి. మొదటిది ప్రీ-స్టేజ్, రెండోది స్టేజ్, మధ్య దూరం 7 అంగుళాలు. ముందు టైరు అడ్డం వస్తే దీపం వెలుగుతుంది. మొదటి దీపం దాకా కాలి బ్రేకుతోనే వెళ్లండి. అక్కడ ఆగి, మీట లాగి, కుడి పాదం యాక్సిలరేటర్ మీదకి. ఇక కాలి బ్రేకుతో పని లేదు. చేయి కొంచెం సడలించి, క్లచ్చుతో పాకించి, రెండో దీపం వెలిగీ వెలగగానే చేయి బిగించండి. వెలిగీ వెలగగానే! ఎందుకంటే ఇప్పుడు క్లచ్చు పట్టు తీసుకుంటే సస్పెన్షన్ సాగి, ముందు టైరు ఒకటి రెండు వేళ్లు ముందుకు దొర్లుతుంది. ఆ చోటు మిగిల్చుకోవాలి. ఎక్కువ దొర్లితే ప్రీ-స్టేజ్ దీపం ఆరిపోతుంది, అంటే మీరు లైను మీద మరీ ముందుకు వచ్చి నిలబడ్డారు. ఇంకా దొర్లి పచ్చ దీపానికి ముందే స్టేజ్ కిరణం దాటితే ఎర్ర దీపం, ఆట ముగిసింది. క్లచ్చు పట్టు ముందే తీసుకోండి, పచ్చకు ముందు వెలిగే మూడు పసుపు దీపాలు మొదలయ్యాక కాదు. ఆ దీపాలు ఒక్కొక్కటి అర సెకను తేడాతో వెలుగుతాయి, లేదా మూడూ కలిసి వెలిగి 0.4 సెకన్లలో పచ్చ వస్తుంది. ఏది వాడుతున్నారో ముందే అడిగి తెలుసుకోండి.

పచ్చ రాగానే చేయి, క్లచ్చు ఒకేసారి. చేయి ఆలస్యమైతే కారు మూలుగుతుంది, క్లచ్చు ఆలస్యమైతే కారు పాకుతుందే తప్ప దూకదు.

ఇక ఆటోమేటిక్ వాళ్లు. టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్చు బదులు నూనె ద్వారా ఇంజను శక్తిని గేర్‌బాక్సుకు అందించేది, ఉంటే ఎడమ పాదం బ్రేకు, కుడి పాదం యాక్సిలరేటర్. బ్రేకు ముందే గట్టిగా తొక్కండి, తరువాతే యాక్సిలరేటర్. మామూలు పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటర్ తొక్కితే, బ్రేకు తొక్కడానికి సాయపడే బూస్టర్‌కు అందే వాక్యూమ్ తగ్గుతుంది. అప్పుడు బ్రేకు వదిలి మళ్లీ మళ్లీ తొక్కితే పెడల్ రాయిలా అయిపోతుంది. అయిదు సెకన్లకు మించి అలా పట్టకండి, గేర్‌బాక్సు నూనె ఉడుకుతుంది. కొన్ని కార్లు రెండు పెడళ్లూ కలిపి తొక్కితే ఇంజను శక్తిని తామే తగ్గించేస్తాయి, వాటితో పోట్లాడకండి, లాంచ్ కంట్రోల్, అంటే కారు తానే స్టార్టును చూసుకునే ఏర్పాటు, ఉంటే అది వాడండి. 2018 డాడ్జ్ డీమన్‌లో ఉన్న ట్రాన్స్‌బ్రేకు గేర్‌బాక్సునే లోపల బంధిస్తుంది, అది వేరే లోకం.

ఒక మాట మరచిపోయాను. లైనుకు ముందు, టైర్లు తిప్పి వేడిచేసుకోవడానికి నీళ్లు పోసిన చోటు ఉంటే, మామూలు రోడ్డు టైర్లతో అందులోకి దిగకండి. చుట్టూ తిరిగి రండి. టైరు గాడుల్లో నీళ్లు పట్టుకుని వచ్చి, సరిగ్గా లైను దగ్గర కారుతాయి.

పరుగు అయ్యాక వచ్చి నిలిపినప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగవద్దు. డ్రమ్ములు వేడిగా ఉంటాయి, షూలు అతుక్కుపోవచ్చు. గేరులో వేసి, చక్రానికి అడ్డుకట్ట పెట్టండి. నేను వాడేది మామూలు చెక్కముక్కే. ఇదిగో, సీటు వెనకాలే పడి ఉంటుంది.