గిట్ పాస్‌వర్డ్ అడగకుండానే 403 చూపిస్తోందా?

[తెర: టెర్మినల్‌లో పుష్ ఆదేశం, కింద 403 సందేశం]

నమస్కారం. గిట్‌తో మీ కోడ్‌ను గిట్‌హబ్ సైట్‌కు పంపారు, అంటే పుష్ చేశారు. పాస్‌వర్డ్ అడగలేదు, పనీ జరగలేదు. అనుమతి లేదంటూ 403 వచ్చింది. మళ్లీ చేసినా అంతే. చాలామంది ఇక్కడే విసిగిపోయి గిట్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దాచిపెట్టిన లాగిన్ వివరాలు చాలావరకు అలాగే ఉండిపోతాయి.

ముందు ఆ సందేశాన్ని చివరిదాకా చదవండి.

[తెర: సందేశం చివర ఉన్న యూజర్‌నేమ్ చుట్టూ వలయం]

ఏ రిపాజిటరీకి (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు), ఎవరికి అనుమతి లేదో అందులోనే ఉంటుంది. ఆఫీసు రిపాజిటరీ దగ్గర మీ సొంత ఖాతా పేరు కనిపిస్తోందా? అయితే జబ్బు తెలిసిపోయినట్టే.

లాగిన్ వివరాల కోసం గిట్, వాటిని దాచిపెట్టే క్రెడెన్షియల్ హెల్పర్ అనే ప్రోగ్రామ్‌ను అడుగుతుంది. మామూలుగా సర్వర్ పేరు చెప్పి అడుగుతుందే తప్ప, రిపాజిటరీ పేరు చెప్పదు. మీ సొంత, ఆఫీసు ఖాతాలు రెండూ గిట్‌హబ్‌లోనే ఉన్నాయి కదా, హెల్పర్ తన దగ్గరున్న సొంత ఖాతా టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య కోడ్) తీసి ఇచ్చేస్తుంది. సర్వర్ 401 కోడ్‌తో ‘ఈ లాగిన్ చెల్లదు’ అని జవాబిస్తే, ఆ టోకెన్‌ను చెరిపేయమని గిట్టే చెబుతుంది. 403కు మాత్రం చెప్పదు. టోకెన్ చెల్లుతుంది, ఖాతాయే వేరు. అందుకే ఎన్నిసార్లు పుష్ చేసినా అదే వెళ్తుంటుంది.

[తెర: గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ ఆదేశం]

రిమోట్ చిరునామాలో, అంటే గిట్ మీ కోడ్‌ను పంపే చిరునామాలో, సర్వర్ పేరుకు ముందు మీ ఆఫీసు యూజర్‌నేమ్, ఆ వెంటనే @ గుర్తు చేర్చండి. ఇక హెల్పర్ ఆ పేరు మీద ఉన్న వివరాలనే వెతుకుతుంది. లేకపోతే ఒక్కసారి మిమ్మల్ని అడుగుతుంది. అప్పుడు ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వకండి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ దాన్ని గిట్ పనులకు ఒప్పుకోవడం లేదు. ఆఫీసు ఖాతాలో తయారుచేసుకున్న యాక్సెస్ టోకెన్ ఇవ్వండి.

పాతది పూర్తిగా తీసేయాలంటే విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, మ్యాక్‌లో కీచెయిన్ యాక్సెస్ తెరవండి.

లినక్స్‌లో టీ తాగి వచ్చేసరికి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోందా? అది లోపం కాదు. లాగిన్ వివరాలను కాసేపు మాత్రమే ఉంచుకునే క్యాష్ హెల్పర్ వాడుతుంటే, అది గుర్తుంచుకునేది మామూలుగా 900 సెకన్లే. ఆ గడువును మీరు పెంచుకోవచ్చు. అలాగని స్టోర్ హెల్పర్‌కు మారకండి. అది టోకెన్‌ను హోమ్ ఫోల్డర్‌లో మామూలు అక్షరాల్లో రాసిపెడుతుంది. ఫైలు తెరిచిన వారెవరైనా చదవగలరు. పదిమంది వాడే ల్యాబ్ కంప్యూటర్‌లో ఇప్పటికే స్టోర్ పెట్టి ఉంటే, వీడియో ఆపి ముందు గిట్‌హబ్‌లో ఆ టోకెన్‌ను రద్దు చేసి రండి.