ఒక్కరికి తేలితే ఇంటిల్లిపాదికీ ఎకో

హోస్ట్: నమస్కారం. ఈ రోజు మన కర్నూలులోనే, డాక్టర్ గారి గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బును మేడమ్ వాళ్ళ టీమ్ చూస్తోంది. ఇది నాకు సొంత విషయం కూడా. మా మేనమామ కొడుకు పోలీసు సెలెక్షన్లకని పొద్దున్నే పరుగు ప్రాక్టీసుకు పోయి గ్రౌండ్‌లోనే పడిపోయాడు. 22 ఏళ్ళ పిల్లోడు.

డాక్టర్: అయ్యో. అంతకుముందు ఏమైనా ఇబ్బంది పడ్డాడా?

హోస్ట్: ఒకసారి పరుగెత్తుతూ కండ్లు తిరిగి పడ్డాడు మేడమ్. ఆసుపత్రికి తీసుకుపోతే నీరసం అన్నారు, గ్లూకోజ్ ఎక్కించి పంపేశారు. ఈసీజీ కూడా తీయలేదు.

డాక్టర్: పరుగెత్తుతూ స్పృహ తప్పినవాళ్ళను ఈసీజీ, ఎకో అంటే గుండె స్కాన్, చూడకుండా ఇంటికి పంపకూడదమ్మా. కండరం మందమయ్యే ఈ జబ్బును హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు, మేం హెచ్‌సీఎం అంటాం. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. గుండె గదుల మధ్య గోడ మందమవుతుంది. బీపీ లాంటి కారణమేదీ లేకుండా పెద్దవాళ్ళలో 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే అనుమానించాల్సిందే. ఇంట్లో ఒకరికి తేలిందంటే మిగతావాళ్ళకు 13 ఉన్నా వదలం.

హోస్ట్: టీమ్‌లో ఎవరెవరు ఉంటారు?

డాక్టర్: నేను, ఎకో తీసే అమ్మాయి, జన్యు సలహా చెప్పే ఆమె, ఒక నర్సు. ఆపరేషన్ అవసరమైతే పెద్ద ఊళ్ళలోని సర్జన్లతో మాట్లాడి పంపుతాం. ఇదిగో, ఒక ఇంటి వంశవృక్షం, ఈ చార్టు చూడండి. మా పని సగం దీని మీదే.

హోస్ట్: వినేవాళ్ళ కోసం చెప్తున్నా. పెద్ద కాగితం మీద పెన్సిల్‌తో గీశారు. చదరాలు, సున్నాలు...

డాక్టర్: చదరం మగవాళ్ళు, సున్నా ఆడవాళ్ళు. మీద గీత కొడితే చనిపోయినట్టు. ఈ భార్యాభర్తల మధ్య జంట గీత ఉంది చూశారా? మేనరికం. అమ్మానాన్నల్లో ఒక్కరిలో జన్యు లోపం ఉన్నా, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. మేనరికంలో ఇద్దరికీ అదే లోపం ఉండొచ్చు. రెండువైపుల నుంచీ వచ్చిన బిడ్డకు చిన్నప్పుడే ముదిరిపోవచ్చు.

హోస్ట్: ఇన్ని తరాల సంగతులు ఎలా రాబడతారు?

డాక్టర్: "మీ ఇంట్లో గుండెజబ్బుతో పోయినవాళ్ళున్నారా?" అంటే లేరంటారు. వాళ్ళకు తెలిసినంతలో అది నిజమే. అందుకే ప్రశ్న మార్చాం. "చేలో పని చేస్తూ ఉన్నపళంగా కూలబడినవాళ్ళున్నారా? వయసులో ఉండి నిద్రలోనే పోయినవాళ్ళు?" అని అడుగుతాం. అప్పుడు ఏ మూలనో కూర్చున్న అవ్వ నోరు విప్పుతుంది. "మా చిన్నాయన... గాలి సోకిందన్నారు" అంటుంది. నర్సు ఒక చదరం గీసి గీత కొడుతుంది. ఆ చదరం కింద ఆయన పిల్లలు, వాళ్ళ పిల్లలు. అందరినీ పిలిపించాలి.

హోస్ట్: మనవాళ్ళ మీద పరిశోధన జరిగిందా?

డాక్టర్: జరిగింది. 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి ఒక సంగతి బయటపెట్టారు. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాల ముక్క లేకపోవడం మన భారతీయుల్లో సుమారు 4 శాతం మందిలో కనిపిస్తుంది. అది ఉన్న ప్రతివాళ్ళకూ జబ్బు రాదు, ముప్పు మాత్రం పెరుగుతుంది. అందులో ఎవరిని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలనేదే మాకు అసలు టెన్షన్.

హోస్ట్: మా మామ కూతురికి సంబంధాలు చూస్తున్నారు మేడమ్. ఎకో తీయిస్తే పెళ్ళి చెడిపోతుందని అత్త భయం.

డాక్టర్: ఆ భయం నాకు తెలుసమ్మా. రిపోర్టు ఆ అమ్మాయి చేతికే ఇస్తాం. ఈ జబ్బున్నవాళ్ళు చాలామంది మందులతో మామూలుగా బతుకుతున్నారు, పిల్లల్ని కంటున్నారు. ప్రమాదం ఎక్కువ ఉంటే ఐసీడీ అనే చిన్న పరికరం ఒంట్లో పెడతారు. గుండె లయ ప్రాణం మీదికి వచ్చేలా తప్పినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేస్తుంది. ఇప్పుడు ఎకో బాగానే ఉన్నా మూడు నుంచి అయిదేళ్ళకోసారి మళ్ళీ రావాలి. పిల్లలైతే ఏడాదికో రెండేళ్ళకో.

హోస్ట్: ఈ మాట నేను చెప్తే అత్త వినదు.

డాక్టర్: ఫోన్ కలపండి, నేను మాట్లాడతా.

హోస్ట్: ఇప్పుడేనా? సరే మేడమ్, రికార్డింగ్ ఆపేస్తున్నా.